జొన్నాకు మీది ఎర్ర మచ్చ: పైరు తనకు తానే చేసుకునే మందు

మహారాష్ట్ర మరాఠ్వాడా ప్రాంతంలోని నాందేడ్ జిల్లా దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో వానాకాలం జొన్న మోకాటి ఎత్తు దాటేసరికి ఆకుల మీద ఎర్ర చుక్కలు పడతాయి. ముసురు పట్టిన వారంలో మరీ ఎక్కువ. చూసినవాళ్లు చేనుకు తెగులు తగిలిందంటారు. తగిలిన మాట నిజమే, అయితే ఆ ఎరుపు మాత్రం తెగులుది కాదు. ఆకులోకి దిగబోయిన శిలీంధ్రాన్ని ఆపడానికి జొన్న అప్పటికప్పుడు తయారు చేసుకున్న విషం అది.

ఒక ఆకు తెంపి ఎండకు ఎత్తి పట్టుకుంటే ఏ మచ్చలో ఎవరిది పైచేయో చాలావరకు తెలిసిపోతుంది. సూదిమొనంత చుక్క పడి, చుట్టూ పచ్చదనం చెక్కుచెదరక, రోజులు గడిచినా పెరగలేదంటే పైరు నెగ్గినట్టే. మచ్చ సాగి, నడుమ గడ్డిరంగుకు ఎండి, ఆ ఎండిన చోట సన్నటి నల్ల నలుసులు లేచాయంటే ఆంత్రాక్నోస్ అనే ఆకుమచ్చ తెగులు తెచ్చే శిలీంధ్రం అక్కడ కుదురుకుని మళ్లీ బీజాలు కట్టుకుంటోంది. ఆ పెద్ద మచ్చకూ ఎర్రటి అంచు ఉంటుంది. అంటే అక్కడా మందు తయారైంది, కాకపోతే ఆలస్యంగా తయారైంది.

ధాన్యపు పైర్ల ఆత్మరక్షణలో అసలు చిక్కంతా ఈ ఆలస్యం దగ్గరే ఉంది. ఆకుకైతే తెగులు వచ్చాక మందు చేసుకునే వ్యవధి, జవసత్వాలు ఉంటాయి. ముదిరే గింజకు ఉండవు. దానికి రక్షణ కావాలంటే ముందే పోగుచేసి పెట్టుకోవాలి. మనిషి ఆ గింజను తెల్లగా, కమ్మగా కోరుకున్న కొద్దీ ఆ పోగు కరిగిపోయింది. మరాఠ్వాడా వానాకాలం జొన్నకు వచ్చిన తంటాలో సగం దీనివల్లే.

ఎరుపు వెనక ఉన్న సంగతి తేలింది 1980ల చివర్లో. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నికల్సన్ బృందం లేత జొన్న మొలకల మీద శిలీంధ్ర బీజాలున్న నీటి చుక్కలు వేసి, సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి గమనించింది. 1987లో ఒక పత్రం, 1990లో స్నైడర్‌తో కలిసి మరొకటి వెలువడ్డాయి. వాళ్లు చూసింది ఇది. బీజం మొలకెత్తి, ఆకు పైపొరకు అతుక్కుని, లోపలికి పొడుచుకునేందుకు ఒక చిన్న ఉబ్బును కట్టుకుంటుంది. సరిగ్గా దాని కింది కణంలో రంగులేని బుడగలు పుడతాయి. కాసేపటికి వాటిలో ఫినాలు జాతి పదార్థాలు చేరి నారింజరంగు, ఆపై ముదురు ఎరుపు తేలతాయి. అవి పుట్టిన చోటే ఉండిపోవు. కణంలో కదిలి, శిలీంధ్రం పొడుస్తున్న చోటికే వచ్చి చేరతాయి. ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై చివరికి పగులుతాయి. లోపలి ఎర్ర రసం శిలీంధ్రాన్నీ, దాన్ని మోస్తున్న కణాన్నీ ఒకేసారి ముంచేస్తుంది. రెండూ చస్తాయి. పక్క కణాలు కూడా అదే సరంజామాతో సిద్ధమవుతాయి. మన కంటికి ఆనే ఎర్ర చుక్క ఇలా చచ్చిన కొన్ని కణాల గుంపు.

ఆ రసంలో ముఖ్యమైనవి రెండు: అపిజెనినిడిన్, లుటియోలినిడిన్. నేరేడు పండుకూ వంకాయ తొక్కకూ రంగునిచ్చే ఆంథోసయనిన్లకు ఇవి దగ్గరి చుట్టాలు. నిర్మాణంలో ఒకచోట ఒక ఆక్సిజన్ తక్కువ, అంతే. ఆ చిన్న తేడాతో రంగు త్వరగా వెలిసిపోదు, శిలీంధ్రానికి మాత్రం ప్రాణాంతకమవుతుంది. తిండిగింజల్లో వీటిని చెప్పుకోదగ్గ మోతాదులో తయారు చేసేది జొన్నే. పశ్చిమ ఆఫ్రికాలో ఎర్ర జొన్న ఆకుతొడుగులతో తోళ్లకు రంగు వేస్తారు, ఘానాలో అన్నం, అలసందలు కలిపి వండేటప్పుడు ఎరుపు కోసం వాటినే వేస్తారు. మన దక్కనులో జొన్న వేల ఏళ్లుగా ఉన్నా ఆ వాడకం మాత్రం కుదురుకోలేదు.

నికల్సన్ బృందమే తర్వాత ఇంకో సంగతి పట్టుకుంది. వెలుతురు తగిలిన మొలక మామూలుగా ఆంథోసయనిన్ చేసుకుంటూ ఉంటుంది. దానిమీద శిలీంధ్రం పడగానే ఆ తయారీ తగ్గిపోయి, ఎర్ర విషం తయారీ ఊపందుకుంటుంది. రెండింటికీ ముడిసరుకు ఒకటే కాబట్టి పైరు ఆపద ఎటుంటే అటు మళ్లిస్తుంది.

ఆ ముడిసరుకు దారి మొదలయ్యేది ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లంతో. ఎంజైములు దాన్ని మెట్టుమెట్టుగా మార్చి నారింజెనిన్ దాకా తీసుకొస్తాయి. పంపరపనస తొనల చేదుకు మూలమైన పదార్థంలో ఉన్నది ఈ నారింజెనినే. ఇక్కడి నుంచి పైర్ల దారులు వేరవుతాయి. జొన్నలో ఒక ఎంజైము దాన్ని ఫ్లావన్-4-ఆల్‌ వైపు తిప్పుతుంది, అక్కడి నుంచి ఎర్ర విషానికి. వరిలో మరో ఎంజైము దానికి ఒక మిథైల్ గుంపును తగిలిస్తే సకురానెటిన్ అనే వరి సొంత మందు అవుతుంది. దానికి రంగు లేదు. అందుకే వరి ఆకు మీద జరిగే పోరు మన కంటికి అంత స్పష్టంగా కనిపించదు.

అసలు శత్రువు వచ్చిందని పైరుకు ఎలా తెలుస్తుంది? శిలీంధ్రం గోడలో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులోనూ, పురుగుల ఒంటి మీదా ఉండే పదార్థమే. మొక్కల్లో కైటిన్ ఉండదు. కాబట్టి దాని తునక ఒక్కటి తగిలినా పరాయిది వచ్చినట్టే. వరి కణం పైన ఈ తునకలను పట్టే ప్రోటీనును 2006లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. తునక దొరికిన నిమిషాల్లోనే కణంలోకి కాల్షియం పొంగుతుంది, చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, వరుసగా ఎంజైములు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి, జన్యువులు తెరుచుకుంటాయి. మందు చేతికొచ్చేసరికి మాత్రం గంటలు పడుతుంది. శిలీంధ్రానికి కావలసింది ఆ గంటలే. తట్టుకునే రకమైనా, లొంగిపోయే రకమైనా చాలాసార్లు చేసేది ఒకే మందు. తట్టుకునేది త్వరగా చేస్తుంది.

గోదావరి వెంట తూర్పుకు వెళ్తే, కాళేశ్వరానికి ఎదురుగా, ప్రాణహిత వచ్చి కలిసే చోట గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఊళ్లలో తెలుగు, చేలల్లో వరి. అక్కడి వరికి పెద్ద బెడద అగ్గితెగులు. ఆకు మీద రెండు కొసలూ మొనదేలిన మచ్చలు, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. కంకి మెడకు తగిలితే మెడవిరుపు. ఈ శిలీంధ్రం ఆకును ఎంజైములతో కరిగించుకుని మాత్రమే లోపలికి రాదు. తన ఉబ్బులో గ్లిజరాల్ నింపుకుని దాదాపు 80 వాతావరణ పీడనాల ఒత్తిడి పెంచి, ఆ బలంతో సన్నటి మొనను ఆకులోకి దింపుతుంది. అంత ఒత్తిడికి పగిలిపోకుండా ఉబ్బు లోపల మెలనిన్ అనే నల్లటి పూత కావాలి. రైతులు లీటరుకు 0.6 గ్రాముల లెక్కన కలిపి కొట్టే ట్రైసైక్లజోల్ చేసేది ఆ పూతను పడనీయకపోవడమే. శిలీంధ్రాన్ని అది నేరుగా చంపదు, దూరే శక్తిని తీసేస్తుంది. అప్పటికే లోపలికి దిగిన తెగులు మీద దాని ప్రభావం అంతంతమాత్రంగా ఉండటానికి కారణం ఇదే. మచ్చలు బాగా కనిపించాక కొడితే మందు పనిచేయలేదని దుకాణదారుడిని తిట్టడంలో అర్థం లేదు. ఇక 2018 నుంచి యూరప్ తన దిగుమతుల్లో ఈ మందు అవశేషాన్ని కిలోకు 0.01 మిల్లీగ్రాముకు కుదించడంతో బాస్మతి ఎగుమతిదారులు ఇబ్బంది పడ్డారు. కొనే మందు మీద ఆంక్షలు పెరిగిన కొద్దీ పైరు సొంత మందు మీద ఆసక్తి పెరగడం సహజం.

వరి సొంత మందుల్లో సకురానెటిన్ ఒకటి మాత్రమే. మిగిలినవి ఎక్కువగా డైటర్పీన్ జాతివి: మొమిలాక్టోన్లు, ఫైటోకాసేన్లు, ఒరైజలెక్సిన్లు. మొమిలాక్టోన్లు 1973లో వడ్ల పొట్టులో దొరికినప్పుడు వాటిని ఇతర మొక్కల ఎదుగుదలను ఆపే పదార్థాలుగానే లెక్కించారు. నాలుగేళ్ల తర్వాత బ్రిటన్ శాస్త్రవేత్తలు ఒక కొత్త మందును పరీక్షిస్తుంటే విచిత్రం ఎదురైంది. గాజుపళ్లెంలో ఆ మందు అగ్గితెగులు శిలీంధ్రాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. అదే మందు వేసిన వరి మాత్రం తెగులును తట్టుకుంది. వెతికితే మొక్కలో మొమిలాక్టోన్లు తేలాయి. మందు శిలీంధ్రం జోలికి పోలేదు, వరిని అప్రమత్తం చేసి ఊరుకుంది. ఈ దారిలోనే జపాన్‌లో ప్రొబెనజోల్ అనే మందు 1970ల నుంచి వరి పొలాల్లో వాడుకలో ఉంది. అదీ వరి సొంత రక్షణను తట్టి లేపేదే.

మొమిలాక్టోన్ తయారీకి కావలసిన జన్యువులు వరి 4వ క్రోమోజోములో ఒకే చోట గుమిగూడి ఉన్నాయి, ఫైటోకాసేన్లవి 2వ క్రోమోజోములో. తమాషా ఏమిటంటే మొమిలాక్టోన్ జన్యువుల గుంపు వరిమళ్లలో కలుపుగా పీకేసే ఊదలోనూ ఉంది. వరి వేళ్ల నుంచి మొమిలాక్టోన్ మట్టిలోకి కారి పక్క మొక్కలను అణగదొక్కుతుంది; అదే ఆయుధం పట్టిన కలుపుతోనే దాని పోటీ.

ఇంత ఉన్నా అగ్గితెగులు ఏటా ఎందుకొస్తుంది? ఒక కారణం శిలీంధ్రం తెలివి. సకురానెటిన్‌ను, మొమిలాక్టోన్‌ను విరిచి హాని తగ్గించుకునే ఎంజైములు దానికి ఉన్నాయి. రెండో కారణం యూరియా సంచి. నత్రజని మోతాదు మించితే ఆకు గుబురుగా, మెత్తగా పెరుగుతుంది, ఫినాలు జాతి పదార్థాలు పలచబడతాయి, ఆకులో సిలికా వాటా తగ్గుతుంది. వరి ఎండు బరువులో 10 శాతం దాకా సిలికా ఉండగలదు. అది ఆకుకు గట్టితనం ఇచ్చి ఊరుకోదు, తెగులు సోకినప్పుడు మొమిలాక్టోన్ల తయారీనీ పెంచుతుందని 2004లో తేలింది. కోసిన గడ్డిని తగలబెట్టకుండా మడిలోనే కలిపేస్తే ఆ సిలికా నేలకు తిరిగి చేరుతుంది. రాత్రుళ్లు చల్లబడి, పొద్దెక్కేదాకా ఆకు మీద మంచు నిలిచే రోజుల్లో బీజానికి మొలకెత్తే తడి దొరుకుతుంది. ఆ రోజుల్లోనే పైపాటుగా యూరియా చల్లితే పైరు చేతులు మనమే కట్టేసినట్టు.

అప్పటికప్పుడు చేసుకునే మందుల సంగతి ఇది. ముందే దాచుకునేవి వేరు. మక్కజొన్న, గోధుమ లేత మొక్కల్లో డింబోవా అనే పదార్థం ఉంటుంది. దీని జాతి రసాయనాలకు శిలీంధ్రాలను ఆపే గుణం ఉందని 1955లో ఫిన్లాండ్‌లో నోబెల్ గ్రహీత విర్తానెన్ బృందం రై అనే గోధుమ జాతి పైరు మొలకల్లో మొదట చూపింది. మక్క మొలకలో ఇది దండిగా ఉండి, మొక్క ముదిరిన కొద్దీ తగ్గిపోతుంది. కంకి దశకు వచ్చేసరికి దీని అండ పెద్దగా మిగలదు. అప్పుడు మక్క వేరే మందులు చేసుకుంటుంది, కౌరలెక్సిన్లు, జీలెక్సిన్లు. ఇవి 2011లో గానీ బయటపడలేదు. వరికి, జొన్నకు డింబోవా లేదు.

జొన్న దాచుకునేది ధుర్రిన్. లేత జొన్న పిలకలు మేసిన పశువులు నురగలు కక్కి పడిపోవడానికి, రైతులు నాము అని భయపడటానికి కారణం ఇదే. ధుర్రిన్ తనంత తాను సయనైడు కాదు. అది పైపొర కణాల సంచుల్లో ఉంటే, దాన్ని విరిచే ఎంజైము లోపలి కణాల్లోని పత్రహరిత గుళికల్లో ఉంటుంది. వేరువేరుగా ఉన్నంతకాలం ఏమీ జరగదు. పశువు నమిలినా, పురుగు కొరికినా పసుపూ సున్నమూ కలిసినట్టు రెండూ కలిసి, క్షణాల్లో సయనైడు పుడుతుంది. వానలు ముఖం చాటేసి పిలక వాడినప్పుడు ధుర్రిన్ ఇంకా పెరుగుతుంది.

పశువును పడగొట్టే విషం శిలీంధ్రాన్ని ఆపలేదా? కొన్నింటిని ఆపుతుంది. కానీ జొన్నాకు మీద వలయాలు వలయాలుగా మచ్చలు వేసే ఒక శిలీంధ్రం సయనైడును ఫార్మమైడుగా మార్చే ఎంజైముతో వస్తుంది. దానికి సయనైడు ఉన్న ఆకే మంచి చోటు, పోటీకి ఎవరూ రారు. ముందే దాచిన ఆయుధంలో ఉన్న ఇబ్బంది ఇది. శత్రువుకు దాన్ని చదువుకునే తీరిక దొరుకుతుంది.

మరి గింజ సంగతేమిటి? అసలు తగువు ఇక్కడుంది.

నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. తెలంగాణలోని మద్నూరు దాటి దెగ్లూరులో అడుగు పెడితే రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద లిపి మారుతుంది, నల్లరేగడి మారదు, జొన్న రొట్టె మారదు. ఇక్కడి పాత వానాకాలం జొన్నలు పొడుగ్గా, ఆలస్యంగా ఉండేవి. పగటి పొద్దు తగ్గితే గానీ పూతకు వచ్చేవి కావు. జూన్‌లో వేసినా, జూలైలో వేసినా పూత వానలు వెనక్కి తగ్గే రోజులకే, గింజ ముదిరేది పొడి గాలిలోనే. వాటి గింజకు రక్షణ రసాయనం అవసరం పెద్దగా పడలేదు, పంచాంగమే కాపాడింది.

1964లో దేశంలో మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. పొట్టిది, తొందరగా కోతకొచ్చేది, దిగుబడిలో పాత రకాలకు అందనిది. పొద్దుతో నిమిత్తం లేకుండా పూస్తుంది. అంటే పూత, పాలు పోసుకోవడం, గింజ గట్టిపడటం అన్నీ సెప్టెంబరు వానల్లోనే. అప్పటి నుంచి గింజబూజు తెగులు వానాకాలం జొన్నకు శాశ్వత చుట్టమైంది. ఆ సంకరాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ఆకలి రోజుల్లో అది గాదెలు నింపింది. కాకపోతే పాత జొన్నకు పంచాంగం చేసిపెట్టిన పనిని కొత్త జొన్నలో ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే వెతకాల్సింది.

బూజు పట్టిన కంకిని దగ్గరగా చూస్తే ఒక్క శిలీంధ్రం ఉండదు. పొట్టు అంచున గులాబీ, తెలుపు కలిసిన దూది కనిపిస్తే ఫ్యుజేరియం. గింజ మీద మసి పూసినట్టు నల్లగా ఉంటే ఎక్కువగా కర్వులేరియా. ఇవి పైనుంచి వానతో పడినట్టు కనిపించినా చాలాసార్లు పూత సమయంలోనే పొట్టు సందుల్లోంచి లోపలికి చేరి ఉంటాయి. అలాంటి గింజ తేలికగా, పిండి పిండిగా ఉంటుంది, విత్తనంగా వేస్తే మొలవదు. మార్కెట్‌లో అడ్తీదారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని రంగు చూసే ధర చెప్పేస్తాడు. నల్లబడ్డ సరుకు కోళ్ల దాణాకో, సారాయి బట్టీకో పోతుంది.

తినే ఇంటికీ ముప్పే. 1995లో అకాల వానలకు తడిసిన జొన్న, మక్క తిని దక్కను పీఠభూమి గ్రామాల్లో జనం కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ గింజల్లో ఫ్యుజేరియం వదిలే ఫ్యూమోనిసిన్ విషాన్ని ఎక్కువ మోతాదులో కనుగొన్నారు. కడిగి, ఎండబెట్టి, దంచి రొట్టె చేసినా ఆ విషం పూర్తిగా పోదు.

గింజకు సొంత రక్షణ లేదా అంటే, ఉంది. ఉన్న గింజలకు ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో 1980లలో బూజును తట్టుకునే జొన్నలను, లొంగిపోయేవాటిని పక్కపక్కన పెట్టి విశ్లేషించినప్పుడు తట్టుకునేవాటి గింజలో ఫ్లావన్-4-ఆల్‌లు రెట్టింపు, అంతకు మించి ఉన్నట్టు తేలింది. ఆకులో ఎర్ర విషానికి ముందు మెట్టుగా చెప్పుకున్న పదార్థమే ఇది. ఎరుపు పైపొర ఉన్న గింజలు దీన్ని ముందే నింపుకుని ఉంటాయి. ఇంకొన్నింటిలో పైపొర కింద టానిన్ పొర ఉంటుంది. టానిన్ శిలీంధ్రాలనూ, పిట్టలనూ దూరం పెడుతుంది. మనిషినీ పెడుతుంది. అది నాలుకకు వగరు, కడుపులో మాంసకృత్తులను పట్టేసి అరుగుదలకు అడ్డం. తరతరాలుగా రొట్టె కోసం జొన్నను ఎంచుకున్నవాళ్లు తెల్ల గింజనే ఉంచుకున్నారు. టానిన్ పోయింది, ఫ్లావన్-4-ఆల్ దాదాపు పోయింది. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు, బాల్కొండ వైపు ఎర్రజొన్న ఇప్పటికీ యాసంగిలో విస్తారంగా వేస్తారు, కానీ అది ఉత్తరాదికి పశుగ్రాసం విత్తనంగా పోవడానికే. ఇక్కడి పళ్లెంలోకి రాదు.

అలాగని తెల్ల గింజ పూర్తిగా నిరాయుధం కాదు. దానికి రంగులేని రక్షణలు రెండున్నాయి. ఒకటి, పిండి భాగం గాజులా గట్టిగా ఉండటం. రెండు, కైటిన్‌ను తెంపే ఎంజైముల్లాంటి ప్రోటీన్లు. బూజును తట్టుకునే రకాల్లో ఈ ప్రోటీన్లు తడిసినా గింజలో నిలిచి ఉంటాయి, మిగతావాటిలో వానకు కారిపోతాయి. పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పీవీకే 801 అనే జొన్న రకం తెల్ల గింజతోనే బూజును కొంత తట్టుకుంటుంది. రుచి మారకుండా రక్షణ తేవాలంటే ఇదే సరైన దారి. ఎర్ర గింజను తినమని మరాఠ్వాడా వంటింటికి నచ్చజెప్పడం కన్నా ఇది తేలిక.

మొక్క రంగు విషయంలో ఒక అపోహ ఉంది. దెబ్బ తగిలితే ఊదారంగుకు తిరిగే జొన్నలు కొన్ని, గోధుమరంగుకు తిరిగేవి కొన్ని. రెండో రకంలో ఎర్ర విషం దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ దారిలోని ఎంజైము జన్యువును జపాన్‌లో 2016లో గుర్తించారు. ఊదా మొక్కల పొట్టు తడిసినప్పుడు రంగు కారి గింజకు మరకలు పడతాయి గనుక ఆహారపు జొన్నలో గోధుమరంగు మొక్కలకే గిరాకీ. అవి రక్షణ లేనివని అనుకోనక్కర్లేదు. ఎర్రవాటికి బదులు అవి లుటియోలిన్, అపిజెనిన్ అనే రంగులేని బంధువులను తయారు చేస్తాయి, ఆంత్రాక్నోస్ మీద అవీ పనిచేస్తాయి. ఆకు మీద ఎరుపు కనిపించలేదు కాబట్టి మొక్క చేతులెత్తేసిందని తీర్మానించడం తొందరపాటు.

బూజుతో విసిగిన రైతు రెండు పనులు చేశాడు. ఒకటి, వానాకాలంలో జొన్న మానేసి సోయాబీన్ వేయడం. రెండు, జొన్నను యాసంగికి జరపడం. సోలాపూర్ జిల్లా మోహోల్‌లో ఎంపికైన మాల్దండి 35-1 అక్కడ ఇప్పటికీ రొట్టెకు రాజు. గింజ మంచు తప్ప వాన ఎరగదు కాబట్టి ముత్యంలా ఉంటుంది. మళ్లీ పంచాంగం మీదే ఆధారం. అయితే యాసంగి జొన్నకు గింజ పాలు పోసుకునే వేళకు నేలలో తేమ అయిపోతుంది. దప్పికతో నీరసించిన కాండంలోకి మట్టిలో ఉండే వేరే శిలీంధ్రం వస్తుంది. మొక్క పడిపోయాక కాండం చీల్చి చూస్తే లోపలంతా బొగ్గుపొడి రాలుతుంది. ఇదే మసికుళ్లు. నీళ్లు లేని మొక్కకు మందు తయారు చేసుకునే ఓపిక ఉండదు. వాన కాలంలో బూజు, వాన లేని కాలంలో మసికుళ్లు.

వానాకాలం జొన్న వేసినవాళ్లకు మిగిలిన దారి గింజను చేలో తక్కువ రోజులు ఉంచడం. కంకిలోంచి గింజ తీసి అడుగు కొసను చూస్తే, తల్లి మొక్కతో అతుకు ఉన్న చోట ఒక నల్ల చుక్క పడి ఉంటుంది. అది బూజు కాదు. మొక్క నుంచి గింజకు ఆహారం అందడం ఆగిపోయిందనడానికి గుర్తు. పూత వచ్చిన 35 నుంచి 40 రోజులకు ఆ చుక్క పడుతుంది, అప్పటికి గింజలో తేమ 30 శాతం దాకా ఉంటుంది. చుక్క పడ్డాక చేలో ఎన్ని రోజులు ఉంచినా గింజ బరువు పెరగదు, బూజు మాత్రం పెరుగుతుంది. అప్పుడే కోసి ఆరబెట్టాలని శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. రైతులు వినకపోవడానికి మొండితనం కారణం కాదు. తడి కంకులు కోస్తే సెప్టెంబరు ముసురులో 12 శాతం తేమకు ఆరబెట్టే చోటు ఊళ్లో ఉండదు. కల్లంలో కుప్పేస్తే చేలో కన్నా వేగంగా బూజు పడుతుంది. ఆరబెట్టే యంత్రం ఒకటి ఊరుమ్మడిగా ఉంటే పైరు చేయలేని పని, మందు సీసా చేయలేని పని అది చేస్తుంది. దాని ఖర్చు జొన్న ధరకు గిట్టుతుందా అన్నది దెగ్లూరు మార్కెట్‌లో తేలాల్సిన లెక్క.